నీళ్లలో ఫ్లోరైడ్: ఆదివారం మీటింగ్

అందరికీ నమస్కారం.

మన కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపాలా వద్దా అని మాట్లాడుకోవడానికి ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు హాల్లో కలుస్తున్నాం. ఇంటికి ఒక్కరైనా తప్పకుండా రండి.

వచ్చే ముందు ఇది చదవండి. పళ్లు పుచ్చకుండా ఇలా కలపడం 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మొదలైంది. ఇప్పుడు ఆ దేశంలో సిఫార్సు చేసే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. 1.5 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఎక్కువైతే పెరిగే పిల్లల పళ్ల మీద తెల్లటి మచ్చలు వస్తాయి, ఇంకా ఎక్కువైతే గోధుమ రంగు గారలు. ఏళ్ల తరబడి మరీ ఎక్కువ తాగితే ఎముకలకే ముప్పు. ఇప్పటికే మన నీళ్లలో ఎంత ఉందో తెలియకుండా ఓటు వేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

అందుకే మంగళవారం సాయంత్రంలోపు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో అర లీటరు నీళ్లు పట్టి, ఇంటి నంబర్ రాసి నాకు ఇవ్వండి. కుళాయివా, బోరువా అన్నది కూడా రాయండి. అన్నీ కలిపి టెస్టుకు పంపుతాను.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదండీ, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఉన్నవాళ్లు ఫిల్టర్‌కు ముందు నీళ్లే పట్టండి.

వచ్చేవాళ్లు ఇక్కడే "వస్తాను" అని పెట్టండి.