చెనిక్కాయ నూనె కొన్నాళ్లు ఉండదు

మన గానుగలో నూనె తీసుకునే అందరికీ నమస్కారం.

పోయిన సోమవారం నుంచి శనివారం లోపల చెనిక్కాయ నూనె కొన్నవాళ్లు దయచేసి వాడొద్దండి. సగం వాడేసినా సరే, డబ్బా తెచ్చివ్వండి, మొత్తం డబ్బు ఇస్తాను. నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఎప్పటిలాగే ఉంటాయి.

మూడేళ్లుగా గింజలిచ్చే వ్యాపారి ఈసారి 22 బస్తాలు పంపాడు. పైన మంచి గింజ, అడుగున కోతప్పుడు వానకు తడిసి సరిగా ఎండని గింజ. నాలుగు బస్తాలు ఆడించేదాకా నేను కనిపెట్టలేదు. అడుగుదాకా చెయ్యి పెట్టి చూడకపోవడం నా తప్పే. ఐదో బస్తా కుమ్మరిస్తే ముక్కిన వాసన, గింజల మీద పచ్చటి బూజు. ఆ బూజు వల్ల అఫ్లటాక్సిన్ అనే విషం చేరొచ్చు. వేయించినా పూర్తిగా పోదు. రిఫైనింగులో చాలావరకు పోతుంది గానీ మనది తేర్చి వడకట్టే నూనె.

ఫోన్ చేస్తే ఆయన అన్న మాట: "మంచి గింజలో కలిపి ఆడించు, ఎవరికి తెలుస్తుంది? కంప్యూటర్ ముందు కూర్చున్నోడివి, నీకేం తెలుసు గింజ సంగతి." నేనిచ్చిన అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వనన్నాడు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మిగిలింది 18 బస్తాలు, 900 కిలోలు. రెండున్నర కిలోలకు లీటరు లెక్కన 360 లీటర్ల నూనె. బ్యాంకు కిస్తీ దగ్గర పడింది. చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, చేసి పశువులకు అమ్ముకోమన్నారు ఇంకొకరు. విషం నూనెలోకంటే చెక్కలోనే ఎక్కువ మిగులుతుంది, ఆవు తింటే పాలల్లోకి వస్తుంది. అమ్మను. ఆ నాలుగు బస్తాల చెక్క తీసుకెళ్లినవాళ్ల ఇళ్లకు నేనే వెళ్లి వెనక్కి తెచ్చుకున్నాను.

"ఎవరికి తెలుస్తుంది" అన్న మాట నాకు కొత్త కాదు. హైదరాబాదులో 11 ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. తప్పు చూపించిన ప్రతిసారీ "ముందు రిలీజ్ కానీ, తర్వాత చూద్దాం" అనేవాళ్లు. దాన్ని వాడేది ఎవరో, వాళ్లకు ఏమైందో నాకు తెలిసేది కాదు. అందుకే మానేశాను. ఇక్కడ నాకు తెలుసు. బాలింత మనవరాలికని ప్రతి నెలా లీటరు పట్టుకెళ్లే అవ్వ తెలుసు. ఆమెకు ఆ నూనె పోసి పంపడానికి కాదు నేను జీతం వదులుకుని అనంతపురం వచ్చింది.

ఇకమీదట గింజ రైతుల దగ్గరే కొంటాను. ప్రతి లాటులో నమూనా ల్యాబుకు పంపి, రిపోర్టు షాపు గోడకు అంటిస్తాను. అది వచ్చాకే చెనిక్కాయ గానుగ తిరుగుతుంది. ధర పెంచను.

మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోతున్నానని మన వీధిలో అనుకుంటున్నారట. వెళ్లడం లేదు. పొద్దున ఆరింటికి షాపు తెరిచే ఉంటుంది, డబ్బాలు తెండి.