పాత చెవి ఆపరేషన్ కాగితాలు దాచుకోండి

సంపాదకులకు,

చెవిలో చీముకు మాస్టాయిడ్, అంటే చెవి వెనక ఎముక, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చెవి ఆరగానే ఆ సంగతి మర్చిపోతారు. ఏళ్ల తర్వాత ఫిట్స్ వచ్చి ఆదోని నుంచో ఆలూరు నుంచో కర్నూలుకు వస్తే పాత ఆపరేషన్ మాట వాళ్లూ చెప్పరు, డాక్టర్లమూ అడగం. స్కానింగ్‌లో తలలో నీటితిత్తి కనబడితే పుట్టుకతో వచ్చిందేలే అనుకుంటాం.

ఈ చెవి వెనక ఎముకకు పైకప్పు ఉంటుంది. దానిపైనే మెదడు. ఆ కప్పు కొన్నిచోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కొలెస్టియటోమా, అంటే చెవి లోపలికి చేరి పెరిగే చర్మం, సర్జన్ కంటే ముందే దాన్ని తినేసి ఉండొచ్చు. డ్రిల్ దగ్గరయ్యేకొద్దీ ఎముక గులాబీ రంగుకు తిరుగుతుంది, శబ్దం సన్నబడుతుంది. అక్కడ కటింగ్ బర్ (ఎముకను కోసే డ్రిల్ మొన) తీసి డైమండ్ బర్ వేయాలి. నీళ్లు ధారగా పోస్తూ కప్పు వెంబడే నడపాలి, దానికి ఎదురుగా గుచ్చకూడదు. మెదడు పొర డ్యూరా బయటపడినంత మాత్రాన ముప్పు లేదు, చిరిగితేనే చిక్కు. చిరుగులోంచి చర్మపు తునక లోపల పడితే ముత్యంలాంటి ఎపిడెర్మాయిడ్ తిత్తి ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరుగుతుంది. బర్ మెదడుకే తగిలితే గాయమైన చోట నీటిగుంట మిగలొచ్చు. ఇవి అరుదే. అరుదు కాబట్టే ఎవరికీ తట్టవు.

ఆపరేషన్ అయిన వైపే తలనొప్పి, లేని వాసన రావడం, ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ పెదాలు చప్పరించడం, మాట తడుముకోవడం: వీటిలో ఏదున్నా చెవి ఆపరేషన్ సంగతి డాక్టరుకు చెప్పండి. ఎపిడెర్మాయిడ్ సీటీలో మామూలు నీరులాగే నల్లగా కనబడుతుంది. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ చిత్రాలు తీస్తేనే తెల్లగా మెరుస్తుంది.

వంగినప్పుడు చెవిలోంచో, ఒక ముక్కురంధ్రంలోంచో ఉప్పటి నీరు కారితే అది జలుబు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. చీమిడి ఆరితే రుమాలు గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది, మెదడు నీరు ఆరితే మెత్తగానే ఉంటుంది. ఇది ఇంటి గుర్తు మాత్రమే, రూఢి చేసేది బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ (మెదడు నీటిని గుర్తుపట్టించే ప్రోటీన్) పరీక్ష. చెవిలో నూనె చుక్క కూడా వేయొద్దు. ఇలా నీరు కారడానికి జ్వరం, మెడ పట్టేయడం తోడైతే తెల్లారేదాకా ఆగొద్దు.

తోటి సర్జన్లకు ఒక మాట. డ్యూరా ఏ వైపు, ఎంత మేర బయటపడింది, చిరిగిందా, దేనితో మూశారు, కండరపు పొరతోనా మృదులాస్థితోనా, ఇవి డిశ్చార్జి కార్డులో రాయండి. రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు అనే భయం అనవసరం. ఆ వాక్యం లేకపోతే రెండోసారి తెరిచే సర్జన్ ఎముక ఉందనుకుని డ్రిల్ పెట్టేది డ్యూరా మీదే.

— చెవి, ముక్కు, గొంతు వైద్యులు, కర్నూలు