అమ్మను ఫోన్లోనే కనిపెట్టుకుని ఉన్న సిస్టర్‌కు కృతజ్ఞతలు

మాది పలమనేరు పక్కన పల్లె. సంక్రాంతి తర్వాత తిరుపతిలో అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలో గడ్డలు కూడా తీశారు. ఎన్టీఆర్ వైద్యసేవలో చేశారు కాబట్టి మేం రూపాయి కట్టలేదు. అసలు ఖర్చు ఇంటికొచ్చాక మొదలైంది.

చిత్తూరు మీదుగా తిరుపతికి వంద కిలోమీటర్లకు పైనే. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి అమ్మకు టికెట్ లేదు. నా టికెట్, ఆటోలు, భోజనం, నాకు పోయే కూలి, ఆ పూట ఆవుల్ని చూసే మనిషికి ఇచ్చేది కలిపితే ఒక్కసారికి 1,800 అయ్యేది. ఆపరేషన్ చోట చేరే నీరు బయటికి పోవడానికి పక్కలో ట్యూబు పెట్టిన మనిషిని అంత దూరం కుదుపుల్లో తీసుకెళ్లడం ఇంకో బాధ.

డిశ్చార్జి రోజు సిస్టర్ మాకు ట్యూబు డబ్బా ఎలా ఖాళీ చేయాలో, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో ఎలా రాయాలో నేర్పించింది. రోజూ సాయంత్రం ఆ లెక్క వాట్సాప్‌లో పంపమంది. వరసగా రెండు రోజులు 30 లోపు వస్తేనే రమ్మంది. పన్నెండో రోజు వెళ్లాం, ట్యూబు తీసేశారు. ఆ లెక్క లేకపోతే మధ్యలో కనీసం మూడుసార్లు ఊరికే తిరిగేవాళ్లం.

ఒక రాత్రి కుట్ల దగ్గర ఉబ్బింది. నాకు చెప్పలేనంత టెన్షన్. ఫోటో పంపితే సిస్టర్ చూసి, "జ్వరముందా? ఎర్రగా, వేడిగా ఉందా?" అని ఒక్కొక్కటే అడిగి, "నీరు చేరినట్టుంది, భయపడొద్దు, పొద్దున్నే తీసుకురండి" అంది. వెళ్తే డాక్టరుగారూ అదే చెప్పి, సూదితో నీరు తీశారు.

"పాలు ఏ చేత్తో పిండుతున్నావు పెద్దమ్మా? బిందె ఎత్తట్లేదు కదా?" అని అడిగేది. అలా అడిగినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆపరేషన్ అయిన వైపు చేతికి బీపీ చూడనివ్వొద్దని, సూది వేయనివ్వొద్దని అమ్మకు కంఠతా వచ్చేలా చెప్పింది.

ఈ ఫోన్లన్నీ ఆమె డ్యూటీ దిగాక చేసినవి. ఏ బిల్లులోనూ ఆ టైము లేదు. మాకు మిగిలిన డబ్బు ఆమె విశ్రాంతిలోంచి వచ్చింది. పెద్దలెవరైనా ఇది చదివితే, ఆ ఫోన్లను కూడా డ్యూటీగానే లెక్కగట్టి జీతం ఇప్పించండి. చేతులెత్తి అడుగుతున్నాను.

సిస్టర్, ఆ చెయ్యి వాచిందేమోనని నిన్న టేపుతో కొలిచాం. మోచేతి పైన రెండు చేతులకూ తేడా అర సెంటీమీటరే. ఈసారి టేపు అమ్మే పట్టుకుంది.