లేజర్ లైపోసక్షన్: ముప్పు కూడా చెప్పాలి

కర్నూలులో లేజర్ లైపోసక్షన్ (ఒంట్లో ఒకచోట పేరుకున్న కొవ్వును లేజర్ వేడితో కరిగించి తీసే సర్జరీ) గురించి పంచుతున్న కరపత్రాల్లో లాభాలే తప్ప ప్రమాదాల ఊసే ఉండటం లేదు. పోయిన వారం రాజ్‌విహార్ సెంటర్‌లో నా చేతిలో పెట్టిన కాగితంలో ‘కోత లేదు, నొప్పి లేదు’ అని ఉంది. కోత లేదన్నది అబద్ధం. చర్మానికి చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టం లోపలికి పంపి, లేజర్ వేడితో కొవ్వు కరిగిస్తారు. ఆ వేడి కాస్త ఎక్కువైతే చర్మం లోపలి నుంచే కాలుతుంది. మా వీధిలో ఒకామెకు అలాగే కాలి పొట్ట మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ పడింది. ఏడాదైనా చీర కుచ్చిళ్లు దోపుకుంటే అక్కడ ఒరుసుకుని మంట. సర్జరీకి ముందు క్లినిక్ వాళ్లు ఆమెతో ఇంగ్లిష్ అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు, అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు. మత్తుమందు మోతాదు మించినా, కొవ్వు రక్తనాళాల్లోకి చేరినా ప్రాణానికే ముప్పు. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తొలగించే సర్జరీ తర్వాతే చనిపోయారు. పైగా ఇది బరువు తగ్గించే వైద్యం కాదు, ఒకచోట పేరుకున్న కొవ్వు తీసేది మాత్రమే. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి ఈ సర్జరీ చేసే క్లినిక్‌లను తనిఖీ చేసి రిజిస్ట్రేషన్, సర్జన్ అర్హత, మత్తు డాక్టరు, అత్యవసర ఏర్పాట్లు ఉన్నాయో లేదో చూడాలి. అంగీకార పత్రం తెలుగులోనే ఉండాలని, దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోవడానికి కనీసం వారం గడువు ఇవ్వాలని ఆదేశించాలి.

– ఒక పాఠకురాలు, కర్నూలు