బడి గుడ్లకు మా అమ్మ ఇంకెన్నాళ్లు అప్పు చేయాలి?

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

విద్యాశాఖను మీరే చూస్తున్నారు కాబట్టి మీకే రాస్తున్నాను. మండలంలో, జిల్లాలో ఇచ్చిన అర్జీలకు రసీదులున్నాయి, జవాబే లేదు.

మా అమ్మకు అరవై దాటాయి. పరకాల దగ్గరి ఓ ఊళ్లో సర్కారు బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. బియ్యం మీరిస్తారు. పప్పు, నూనె, కూరగాయలు, చింతపండు, కట్టెలు ఆమే తేవాలి. బిల్లు ఎప్పుడో నెలల తర్వాత వస్తుంది, అప్పటిదాకా కిరాణంలో ఉద్దెర. గుడ్లయితే ఉద్దెరకు కూడా ఇవ్వరు, నగదే కావాలంటారు. వారానికి మూడు గుడ్లు పెట్టాలి కదా సార్! పోయినసారి మహిళా సంఘంలో తీసుకున్న లోను గుడ్లకే పోయింది. దాని మిత్తి ఏ బిల్లులో రాయాలి? కిరాణం ఖాతా పుస్తకంలో అమ్మ పేరున్న పేజీలు నేను చూశాను. మా ఇంటి సామాను ఎక్కడో రెండు వరుసలు, మిగతాదంతా బడి కందిపప్పు, బడి నూనె. ప్రభుత్వం బాకీ ఒక ముసలామె పేరు మీద నడుస్తోంది.

ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకు వంట ఖర్చు రోజుకు రూ.6.78 అని 2025 మేలో కేంద్రం పెంచింది. పప్పు, కూర, నూనె, కట్టెలు అన్నీ అందులోనే. చాలకపోతే చేతి డబ్బులు పెడుతుంది తప్ప పప్పులో నీళ్లు పోయదు.

వేతనం 3 వేలు. ఎన్నికలప్పుడు 10 వేలన్నారు. 2009లో కేంద్రం పెట్టిన వెయ్యి ఇంకా అక్కడే ఉంది, అందులో దాని వాటా 600. ఆ 3 వేలు కూడా నెలనెలా పడవు.

వంట ఒక్కటే కాదు. వరండా ఊడుస్తుంది, నీళ్లు పడుతుంది, జ్వరమొచ్చిన పిల్లను ఇంటిదాకా దింపి వస్తుంది. వీటికి ఏనాడూ పైసా అడగలేదు. సాయంత్రం నా పిల్లల్ని పట్టుకునేదీ ఆమే, అందుకే నేను పత్తి ఏరడానికి పోగలుగుతున్నాను. ఇప్పుడేమో వయసైపోయింది, తప్పుకో అంటున్నారు. తప్పుకుంటే పీఎఫ్ లేదు, పింఛను లేదు. పాత బిల్లులు ఎవరిస్తారో చెప్పేవాళ్లూ లేరు.

గుడ్ల డబ్బులు ముందే వేయండి. 10 వేల జీవో ఎప్పుడిస్తారో తేదీ చెప్పండి. అన్నిటికంటే ముందు పాత బిల్లులు ఇప్పించండి సార్, దసరాకల్లా ఖాతా కట్టమని కిరాణపాయన ఇంటికొచ్చి చెప్పిపోయాడు.

ఇట్లు,
ఒక వంట కార్మికురాలి బిడ్డ,
పరకాల, హనుమకొండ జిల్లా