అక్కకు, హోనలూలు నుంచి

అక్కకు,

ఇక్కడ అందరం క్షేమం. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? వేసవి నాట్యం క్లాసులతో నీకు తీరిక ఉండదని తెలుసు. అయినా ఈ సంగతి నీకు కాక ఎవరికి రాయను?

ఈ మధ్య రాత్రిళ్లు పాత హవాయి సినిమాలు చూస్తున్నాను. టాకీలు వచ్చిన కొత్తలో హాలీవుడ్ వాళ్లు తీసినవి. 1932 నాటి 'బర్డ్ ఆఫ్ పారడైజ్'లో ద్వీపపు రాజకుమారి వేషం మెక్సికో నటి డొలోరెస్ డెల్ రియోది. ఆ రోజుల్లో చాలా సినిమాలకు ఇక్కడి సంప్రదాయ నాట్యమైన హూలా అంటే నడుము తిప్పడమే. నాకు ఒళ్లు మండింది. ఇక్కడి హూలా బడిలో మాకు మొదట నేర్పేది చేతులే. వాన అంటే చేతులు పైకెత్తి, వేళ్లు కదుపుతూ మెల్లగా కిందికి దించాలి. చెయ్యి ఎటు వెళితే చూపు అటే వెళ్లాలి. నువ్వు పిల్లలకు చెప్పేదీ అదే కదా! మిషనరీల ప్రభావంతో ఒకప్పుడు నలుగురిలో ఆడనివ్వని ఈ నాట్యాన్ని హవాయి రాజు కలాకౌవా 1883లో తన పట్టాభిషేక వేడుకల్లో అందరి ముందూ ఆడించాడు. మన కళావంతుల ఆటకూ అలాగే అడ్డుపడ్డ కథ తెలిసినదానివి, ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అదే 1932లో ఫ్లైషర్ స్టూడియో, బెట్టీ బూప్ అనే బొమ్మ పిల్లతో కార్టూన్ ఒకటి తీసింది. మొదట రాయల్ సమోవన్స్ బృందంతో మీరి అనే నర్తకి స్వయంగా కనిపిస్తుంది. ఆమె నాట్యాన్ని కెమెరాతో తీసి, ఫ్రేము ఫ్రేముకూ దాని మీదే బొమ్మ గీసి బెట్టీ చేత ఆడించారు. గీతల బొమ్మే అయినా ఆ భుజాల విరుపు, మణికట్టు మలుపు మనిషివే. ఆ భాగం ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు.

సంగీతానికి మాత్రం నాట్యానికి జరిగినంత అన్యాయం జరగలేదు. లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడిన హవాయి విద్వాంసుడు సోల్ హోఓపీ సినిమాలకు స్టీల్ గిటార్ వాయించాడు. గిటారును ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతారు. గోటువాద్యంలా స్వరం స్వరంలోకి జారిపోతుంది. యాంప్లిఫయర్లు లేని కాలంలో గట్టిగా వినిపించాలని లోహంతో చేసిన గిటార్లు వాడేవారు. 1937లో 'వైకీకీ వెడ్డింగ్' సినిమాలో బింగ్ క్రాస్బీ పాడిన 'స్వీట్ లేలానీ'కి ఆస్కార్ వచ్చింది. హ్యారీ ఓవెన్స్ తన కూతురి కోసం కట్టిన పాట అది.

ఆ కార్టూన్ అన్నయ్య ఫోనుకు పంపాను, టీవీలో పెట్టించుకో. మొదటిసారి శబ్దం తీసేసి, మీరి చేతులే చూడు. నీకేం అర్థమైందో వివరంగా రాయి.

నీ చెల్లెలు