2025 వార్షిక నివేదిక: సభ్యులందరికీ

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో చదివే నివేదిక ఇదే, రాలేని వాళ్లు తీరిగ్గా చదువుకోండి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది గుంటూరులో పెట్టిన సదస్సు. మిర్చి, పత్తి, వరి రైతులు, నిజాంపట్నం నుంచి వేటకెళ్లే వాళ్లు ఒకే హాల్లో కూర్చుని ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చల గురించి మాట్లాడుకోవడం మన సంఘంలో ఇదే మొదటిసారి. వరి మద్దతు ధర లెక్క బోర్డు మీద వేసి చూపించాం. ఆ సంస్థ నిబంధనల ప్రకారం మన మద్దతు ధరని ఇవాళ్టి బజారు ధరతో కాకుండా 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో పోల్చి, ఆ తేడానంతా సబ్సిడీ కిందే రాస్తారు, అది పంట విలువలో 10 శాతం దాటకూడదంటారు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచి "అప్పటి డీజిల్ రేటుకి, అప్పటి కూలికి ఇప్పుడు సాగు చేయిస్తారా?" అని అడిగారు. హాలంతా చప్పట్లు. వరిలో ఆ పరిమితి ఎప్పుడో దాటాం, 2013లో ఆ సంస్థ బాలి సమావేశంలో దొరికిన తాత్కాలిక మినహాయింపుతోనే నెట్టుకొస్తున్నాం. శాశ్వత పరిష్కారం 2024 అబుదాబీ సమావేశంలోనూ తేలలేదు.

ఆ సంస్థలోనే కుదిరిన చేపల సబ్సిడీల ఒప్పందం సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దొంగ వేటకి, నిల్వలు తరిగిపోయిన చేపల వేటకి సాయం ఆపమంటుంది, అందులో తప్పేం లేదు. మితిమీరిన వేటకిచ్చే సబ్సిడీల సంగతే ఇంకా తెగలేదు. సముద్రాలు దాటి వేటాడే పెద్ద ఓడల దేశాలనీ, మన డీజిల్ సబ్సిడీ బోట్లనీ ఒకే గాటన కట్టొద్దని, మనలాంటి దేశాలకి 25 ఏళ్ల గడువు కావాలని మన ప్రభుత్వం అడుగుతోంది. మన వాళ్ల మాటా అదే.

ఆగస్టులో పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, దాన్ని డిసెంబర్ దాకా పొడిగించినప్పుడు వినతిపత్రం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాం. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఇది మా పరిధి కాదని పంపేశారు. ఎవరి పరిధో మాత్రం చెప్పలేదు.

హాలు ఉచితంగా ఇచ్చిన వారికి, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకి, కరపత్రాలు సగం ధరకే అచ్చు వేసిన ప్రెస్ వారికి, సొంత ఖర్చులతో వచ్చిన నిజాంపట్నం మిత్రులకి పేరుపేరునా ధన్యవాదాలు. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఆడిట్ అయింది, ఎవరైనా చూడొచ్చు.

ఒక్క మాట. కరపత్రాలు పంచడానికి పేర్లిచ్చిన వాళ్లలో సగం మంది ఆ రోజు మిర్చి యార్డు దగ్గరికి రాలేదు, ఫోన్లూ ఎత్తలేదు. వచ్చిన కాస్త మందే ఎండలో రైతురైతు దగ్గరికీ తిరిగారు. ఈసారి రాగలిగిన వాళ్లే పేర్లివ్వండి, చందా బకాయిలు కూడా సమావేశంలోనే కట్టేయండి.

ఇట్లు,
కార్యదర్శి